పగడానికి ఆమోదిత వెలుతురు

లోకంలో వెలుతురు రెండు రకాలు. ఒకటి కంటికి కనపడేది, రెండోది ఉపసంఘం ఆమోదించినది. మొదటిది కిటికీలోంచీ తలుపు సందులోంచీ పిలవకుండానే వస్తుంది, అందుకే దానికి విలువ లేదు. రెండోది రావాలంటే సంతకం కావాలి. నాగరికత అంటే మొదటి దాని నుంచి రెండో దానికి నడిచి వెళ్ళడమే. మా ఇల్లు ఈమధ్యే నడిచింది.

నడిపించింది ఒక పగడం. పగడం అంటే దండలో గుచ్చుకునే ఎర్రపూస అనే నేను చాలాకాలం అనుకున్నాను. (మా అమ్మ దండలో ఒక పూస పోతే, మా పెద్దత్త దగ్గుబిళ్ళకు రంగు వేసి గుచ్చింది. వాన పడేదాకా ఎవరికీ తెలియలేదు. అది వేరే కథ.) ఇది ప్రాణమున్న పగడం. ఉప్పునీళ్ళలో ఒక రాయిని కరుచుకుని కూర్చుంటుంది. వెలుతురు పడితే బుల్లి బుల్లి నోళ్ళు తెరుస్తుంది, పడకపోతే మూసుకుని పాలిపోతుంది. దాని తిండి వెలుతురే. గిన్నెలు కడిగే పని లేని కాపురం.

మా అమ్మాయిది పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని పేర్లు పిలిచే ఉద్యోగం. అక్కడ వచ్చినవాళ్ళు భయం మర్చిపోవడానికి ఒక గాజు తొట్టె ఉండేది. ఆ చోట టీవీ పెడితే భయం ఇంకా బాగా పోతుందని డాక్టరుకు తోచింది. చేపల్ని ఎవరో అడిగి పట్టుకెళ్ళారు. పగడాన్ని అడిగినవాళ్ళు లేరు. చెత్తబుట్టలో పడబోయేముందు అమ్మాయి దాన్ని పుక్కిలించే గ్లాసులో వేసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మందుల డబ్బా అంత చిన్న తొట్టె కొని, ఉప్పునీళ్ళు కలిపి, వంటింటి గట్టు చివర కాపురం పెట్టించింది. మా వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకు వెలుతురు ఇచ్చే అలవాటు లేదు.

"అమ్మా, క్లినిక్‌లో ఉన్నప్పుడు పొద్దున్నే నోరు తెరిచేది. ఇక్కడ తెరవట్లేదు," అంది అమ్మాయి.

"పళ్ళ డాక్టరు దగ్గర పెరిగింది కదే. నోరు తెరవమని ఎవరన్నా చెప్పాలేమో."

"నవ్వకమ్మా. అంచులు చూడు, సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. ఇలాగే ఉంటే చచ్చిపోతుంది."

చూశాను. నిజమే. అప్పుడిక నవ్వలేదు.

అల్లుడుగారు రంగంలోకి దిగారు. ఆయనది బస్సు డిపోలో వేళల పట్టికలు వేసే ఉద్యోగం, కనుక ఏది ఎంత ఆలస్యమైనా చలించరు. చిన్న తొట్టెకు సరిపడే చవక దీపం ఒకటి కొనాలని ఆయన ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. తెరిచిన ఆన్‌లైన్ దుకాణం ముందుగా ఒక ప్రశ్న వేసింది: మీ సముద్రం లోతు ఎంత? అల్లుడుగారు స్కేలు పెట్టి కొలిచి, "ఒక జానెడు" అని రాశారు. ఆ లోతుకు తగినవి అంటూ అది మూడు దీపాలు చూపించింది. మొదటిది మా ఫ్రిజ్ కంటే ఖరీదు. రెండోది సరుకు లేదు. మూడోది చవకే, దాని కింద ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి ఇలా రాశాడు: "ఇంకా తెరవలేదు. అట్టపెట్టె చాలా బాగుంది."

"ఇలా కాదు అత్తయ్యగారూ, తెలిసినవాళ్ళను అడగాలి," అన్నారు అల్లుడుగారు. ఇంట్లో అరిష్టాలన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయి.

తెలిసినవాళ్ళ పేరు ఉప్పునీటి పెంపకందార్ల సమాఖ్య. అందులో వెలుతురుకు ఒక ఉపసంఘం, దానికో కన్వీనరుగారు. ఆయన పగలు బీమా కంపెనీలో క్లెయిములు తోసిపుచ్చే విభాగంలో పనిచేస్తారు, సాయంత్రం సమాఖ్యకు ఉచితంగా సేవ చేస్తారు. (రెండు పనులకూ తేడా ఏమిటో ఆయన సతీమణిని అడిగాను. జీతం, అంది.)

సభ్యత్వం తీసుకున్న రోజే అల్లుడుగారికి ఒక చీవాటు పడింది. ఆయన సమాఖ్య ఫోను గుంపులో "చవక దీపం ఏది బాగుంటుందండీ?" అని అడిగారట. సమాఖ్యలో చవక అనే మాట నిషిద్ధం. "ప్రవేశ స్థాయి" అనాలి. మాట దిద్దుకుని మళ్ళీ అడిగితే, సభ్యులు రెండు వర్గాలై కొట్టుకున్నారు. నీలం వెలుతురు లేనిదే పగడం బతకదని ఒక వర్గం, తెలుపు లేనిదే బతకదని ఇంకో వర్గం. మధ్యలో ఒక పెద్దాయన తన కొత్త బైకు ఫొటో పెట్టి శుభాకాంక్షలు అందుకుంటూ పోయాడు.

చివరకు కన్వీనరుగారే సమాఖ్య ఆమోదించిన దీపాల జాబితాలోంచి ఒక ప్రవేశ స్థాయి దీపం సూచించారు. కొన్నాం. వచ్చింది. తొట్టె అంచుకు బిగించాం. అమ్మాయి స్విచ్చి మీద చెయ్యి వేసేలోపు కన్వీనరుగారు స్వయంగా దయచేసి, ప్లగ్గుకు కాగితం చుట్టి, జిగురు పూసి, సమాఖ్య ముద్ర వేశారు.

"కొలవకుండా వెలిగించకూడదమ్మా," అన్నారు. "వెలుతురు ఎక్కువైతే పగడం మాడిపోతుంది, తక్కువైతే ఎండిపోతుంది. మా దగ్గర కొలిచే పరికరం ఉంది. వరస ప్రకారం మీ ఇంటికి వస్తుంది. అప్పటిదాకా ముద్ర చెదరకూడదు."

"ఎప్పుడు వస్తుందండీ?"

"వరసలో చెల్లెమ్మా."

"అప్పటిదాకా ఇది చీకట్లోనే ఉండాలా?"

"చీకటి వల్ల పాడైందని ఇంతవరకూ మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు," అన్నారాయన. (పగడాలకు ఫోన్లు లేవు కదా.)

దీపం తొట్టె మీదే ఉంది. పగడం దీపం కిందే ఉంది. మధ్యలో కాగితం ముక్క. పస్తులున్నవాడి ముందు విస్తరి వేసి, భోజనం నాణ్యత తేలేదాకా చేతులు కట్టుకోమన్నట్టు. అమ్మాయి పొద్దున లేవగానే వంటింట్లోకి వెళ్ళి, దాని ముందు వంగి చూసి, పొయ్యి వెలిగించేది. ఒకరోజు "నోళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా తెలియట్లేదమ్మా, అన్నీ మూసేసుకుంది," అంది. ఆ రోజు టిఫిను చెయ్యలేదు.

పరికరం మాత్రం రాలేదు. ముందు దాని బ్యాటరీ అయిపోయిందన్నారు. తర్వాత అది సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్షకు పంపామన్నారు. పరీక్షించాలంటే సరైనదని తేలిన దీపం ఒకటి కావాలట. సరైన దీపమని తేలాలంటే ఆ పరికరంతో కొలవాలట. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. దీపం తరఫు పెద్దలూ పరికరం తరఫు పెద్దలూ సమావేశమై, కాఫీ తాగి, పరిస్థితి అదుపులో ఉందని ప్రకటించారు.

"ఏవండీ, ఆ కాగితం చింపేద్దాం," అంది అమ్మాయి.

"చింపితే సభ్యత్వం పోతుందే."

"పగడం పోతే?"

"పగడం పోతే సభ్యత్వం పోదు," అన్నారు అల్లుడుగారు. తొందరలో అన్నారు గాని, నిబంధనల ప్రకారం అది నిజమే.

అమ్మాయి లోపలికి వచ్చి నా కుట్టు మిషను దగ్గర నిలబడింది. మిషనుకు మెడ వంచే దీపం ఒకటి ఉంది, సూదిలో దారం ఎక్కించడానికి మూలనున్న సామాన్ల కొట్లో కొన్నది, తెల్లటి వెలుతురు.

"అమ్మా, నీ దీపం ఇవ్వవూ."

"జాకెట్టు చేతులు సగంలో ఉన్నాయే."

"పగడం కూడా సగంలోనే ఉంది."

ఇచ్చాను. జాకెట్టు వాకిట్లో కూర్చుని కుట్టుకున్నాను. (దానికి ఒక చెయ్యి పొడుగు వచ్చింది. వేసుకున్నావిడ ఇంతవరకూ గమనించలేదు. ఆవిడా సమాఖ్య సభ్యురాలేనేమో.)

అల్లుడుగారు డిపోకి వెళ్ళగానే కుట్టు దీపం గట్టెక్కేది, ఆయన వచ్చే వేళకు దిగిపోయేది. ముందు దూరంగా, తర్వాత కొంచెం కొంచెం దగ్గరగా జరిపేది అమ్మాయి, కొత్త కోడల్ని వంటింట్లోకి తెచ్చినట్టు. మొదట ఒక నోరు తెరిచింది. తర్వాత పక్కది. ఆ తర్వాత రాయి మొత్తం నోళ్ళే. అంచుల సున్నం పోయి గోధుమరంగు తిరిగింది, దాని మీద పచ్చటి నిగారింపు ఎక్కింది. అమ్మాయి నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించింది. తనకు బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇంత తొందరపెట్టలేదు నన్ను.

అప్పుడొచ్చింది పరికరం. తువ్వాలులో చుట్టి, పెట్టెలో పెట్టి, కన్వీనరుగారు రెండు చేతులతో పట్టుకొచ్చారు. ముద్ర పరిశీలించారు. చెక్కుచెదరలేదు. కాగితం విప్పి, దీపం వెలిగించి, కర్ర చివర గుండీ లాంటిది నీళ్ళలో ముంచారు. అంకె చూసి తలూపారు.

"అద్భుతమైన వెలుతురు."

ఆ తర్వాత ఆయన చూపు, దారి తప్పి, పగడం మీద పడింది. అది నిగనిగలాడుతోంది.

"ఇన్నాళ్ళూ ఈ దీపం వెలగలేదు కదా?" అన్నారు అల్లుడుగారితో.

"మీరే చూశారు కదండీ, ముద్ర అలాగే ఉంది."

"మరి ఇది బతికింది."

"బతికింది."

కన్వీనరుగారు కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. తాగి, "అంటే పగడానికి వెలుతురు అక్కర్లేదన్నమాట," అన్నారు.

అమ్మాయి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "అలా కాదండీ. నేనే రోజూ వెలిగించాను. అమ్మ కుట్టు మిషను దీపం పెట్టాను. అందుకే బతికింది."

అల్లుడుగారి మొహంలో నెత్తురు లేదు. కన్వీనరుగారు మాత్రం ప్రశాంతంగా తన ఫోనులో జాబితా తెరిచి, పైనుంచి కిందిదాకా చూశారు.

"కుట్టు దీపం మా జాబితాలో లేదు చెల్లెమ్మా."

"లేకపోతేనేం, వెలుతురు పడింది కదండీ."

"జాబితాలో లేనిది దీపం కాదు. దీపం కానిదాని నుంచి వచ్చేది వెలుతురు కాదు. కాబట్టి పడలేదు."

"నేను కళ్ళారా చూశాను నాయనా," అన్నాను నేను.

"పెద్దమ్మగారూ, మీరు చూసింది నేను కాదనను. కాని దేనితో కొలిచారు?"

కళ్ళకు ముద్ర వేయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక మిగతాదంతా చకచకా జరిగిపోయింది. వెలుతురు లేకుండా బతికిన తొలి పగడంగా మా పగడాన్ని సమాఖ్య గుర్తించింది. అల్లుడుగారికి సన్మానం చేసి, ఉపసంఘంలోకి తీసుకున్నారు. పరిశీలన కోసం పగడాన్ని సమాఖ్య కార్యాలయానికి తరలించాలన్నారు. సభ్యుడి ఇంట్లో పరికరం ముంచిన తొట్టెలోని ప్రతి పగడమూ సమాఖ్యదేనట, చేరేటప్పుడు అందరూ ఒప్పుకున్న షరతేనట.

"నాదండీ అది," అంది అమ్మాయి. "చెత్తబుట్టలోంచి తెచ్చుకున్నాను. మీరు చెప్పండి వాళ్ళకు."

అల్లుడుగారు చెప్పడానికి నోరు తెరిచారు. అప్పుడే ఆయన పేరు ముందు గౌరవ సలహాదారు అని కలిపి పిలిచారు కన్వీనరుగారు. తెరిచిన నోరు అలాగే మూతపడింది. వెలుతురు తగ్గినప్పుడు పగడం కూడా అచ్చం ఇలాగే మూసుకుంటుంది.

ఇప్పుడు అది కార్యాలయం వెనక గదిలో, కిటికీకి దుప్పటి కట్టిన చోట ఉంది. ప్రయోగం చెడకూడదని. అమ్మాయి చూడటానికి వెళ్తే, తొట్టె దగ్గరికి వంగి, "ఉన్నావా" అని అడగాల్సి వచ్చిందట. ఏమీ కనపడలేదంది. ఇంటికొచ్చి వంటింటి గట్టు తుడిచింది, ఆ చివర మళ్ళీ మళ్ళీ తుడిచింది. సభ్యులు కూడా ఒక్కొక్కరే ఇళ్ళలో దీపాలు ఆర్పేస్తున్నారు. ఖర్చు కలిసొచ్చిందని కొందరు కృతజ్ఞతలు కూడా తెలిపారు.

ఆ గది గుమ్మం పక్కన "లోపల ఎలాంటి వెలుతురూ వేయరాదు" అని పెద్ద బోర్డు పెట్టారు. చీకట్లో ఎవరికీ కనపడటం లేదని ఫిర్యాదులు వస్తే, సమాఖ్య వెంటనే స్పందించి, బోర్డుకు మాత్రం ఒక దీపం బిగించింది. పరికరంతో కొలిచారు కూడా. అక్షరాలు చాలా ఆరోగ్యంగా ఉన్నాయట.