కారు దిగకుండా పక్షిని గుర్తుపట్టే విధానం

పిట్ట ఏదో తెలియాలంటే పిట్టను చూడకూడదు! ఈ సత్యాన్ని మాకు బోధించింది ఫోనులో పిట్టల పేర్లు చెప్పే యాప్. దాని కడుపు చల్లగా!

అది రాకముందు మా దక్షిణ ఆస్ట్రేలియా తీరపు పక్షుల క్లబ్బులో ఎంత అనాగరికంగా బతికామో మీకేం తెలుసు? డెబ్బై నాలుగేళ్ల డల్సీ ఇసుకలో బోర్లా పడుకునేది. పిట్ట తల తిప్పేదాకా గంటన్నరైనా కదిలేది కాదు. నెత్తి మీది నలుపు ముక్కుదాకా దిగిందా, కంటి ముందే ఆగిందా అని చూసేది. ఇంతా చేసి, "ఇవాళ తేలలేదు, రేపు చూద్దాం" అనేది. రేపట! శాస్త్రమంటే ఇదేనా?

ఇప్పుడు మా అధ్యక్షుడు క్లెమ్ కాలికి ఇసుకే అంటదు. కారు అద్దం దించి, ఫోను చాపి, మళ్లీ ఎక్కించేస్తాడు. పోయిన వారం ఇసుక మేట మీద గుడ్లు పొదుగుతున్న జంటను అలాగే ఫొటో తీశాడు. సిల్వర్ గల్, తొంభై నాలుగు శాతం ఖాయమంది యాప్.

"గల్ కాదురా క్లెమ్, ఫెయిరీ టెర్న్. గల్‌లో సగం కూడా లేదు. నెత్తిన నల్లటోపీ కనబళ్లేదూ?" అంది డల్సీ.

"తొంభై నాలుగు శాతం, డల్సీ. నీ కళ్లజోడు ఎన్నేళ్ల నాటిది?"

"ఎన్నేళ్లదైనా కారు దిగి చూసిందిరా నాయనా."

టెర్న్ అయితే గూడు చుట్టూ తాడు కట్టి, తీరం మీద బళ్లు ఆపెయ్యాలి. అవి మా వైపు మిగిలిందే పది జంటలు. గల్ అయితే? చేతిలో చిప్స్ ఎగరేసుకుపోయే దొంగపిట్టకు కాపలా ఎవరు కాస్తారు? పైగా శనివారం గాలాలతో చేపలు పట్టే పోటీ, బళ్లన్నీ ఆ దారినే పోవాలి. అందుకని టీ తాగుతూ, అది ఏ పిట్టో ఓటు వేసి తేల్చేశాం. గల్ అని పదకొండు చేతులు లేచాయి. టెర్న్ అని డల్సీ చెయ్యొక్కటే. ఎంత చక్కని ప్రజాస్వామ్యం!

ఆదివారం డల్సీ నన్ను ఆ మేట దగ్గరికి తీసుకెళ్లింది. టైరు జాడలో గుడ్ల పెంకులు నలిగి ఉన్నాయి. ఆమె ఎప్పటిలా బోర్లా పడుకుని వాటినే చూసింది, తిట్టినా బాగుండేది. ఏం చేయాలో తోచక ఫోను తీసి అటు పట్టాను. పక్షి ఏదీ లేదంది యాప్.

మీరు దాన్ని తిట్టకండి. పాపం, దానికి తెలియదు. ఆ నల్లటోపీని ఓటుకు ముందు రోజే నేను కళ్లారా చూశాను. పోటీకి నేనూ పేరిచ్చాను.