మూడో ‘వద్దు’

ఆ మంగళవారం పొద్దున పాస్టరు ఆర్విడ్ టోలెఫ్సన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చర్చి నేలమాళిగలో సంఘ పెద్దల సమావేశం. అక్కడికి వెళ్లి, "నా ఇంటి భత్యం తగ్గించండి" అని ఒక్క ముక్క చెప్పి, కాఫీ తాగి తొమ్మిదికల్లా ఇంటికి వచ్చేయాలి. ఆ తర్వాత భార్య లవాన్‌ను కారెక్కించుకుని డెబ్భై మైళ్ల దూరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. వారానికి మూడు రోజులు ఇదే పని.

ఆ పని కోసమే ఆయన అరవై రెండేళ్లకే రిటైరై, ప్రభుత్వ పింఛను ముందుగా తీసుకున్నాడు. పెట్రోలుకైనా మందులకైనా ఆ చెక్కే దిక్కు. ఇరవై ఏడేళ్లు సేవ చేసిన సంఘాన్ని మాత్రం వదల్లేక, ఆదివారాలు ప్రసంగం చెబుతానన్నాడు. జీతం వద్దన్నాడు, ఇంటి భత్యం చాలన్నాడు. దాని మీద ఆదాయపు పన్ను లేదు కాబట్టి అది సంపాదన కాదనుకున్నాడు మహానుభావుడు. పింఛను ఆఫీసువాళ్లు అలా అనుకోలేదు. పని చేస్తున్న పాస్టరుకు ఇచ్చే భత్యం సంపాదనేననీ, అది ముందుగా పింఛను తీసుకున్నవాళ్లకి పెట్టిన హద్దు దాటింది కాబట్టి రెండు నెలల చెక్కులు ఆపేస్తున్నామనీ ఉత్తరం రాశారు.

"పింఛను ఆగిపోయింది, మందులకి డబ్బుల్లేవు అని ఉన్నదున్నట్టు చెప్పెయ్యి," అంది లవాన్.

"ఛ! మన ఇంటి గోడు ఊళ్లో వెళ్లబోసుకుంటామా?" అన్నాడు ఆర్విడ్, బూట్ల మీద మంచు దులుపుకుంటూ.

ఆ మంచు మైదానాల్లో ఒక మర్యాద ఉంది. ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మూడోసారి వద్దంటూనే చెయ్యి చాపాలి. అంతకంటే ముందు పుచ్చుకున్నవాణ్ణి ఆబగాడంటారు. ఆర్విడ్ పుట్టి పెరిగింది అక్కడే అయినా, ఆ పూట ఆ సంగతి గుర్తుకు రాలేదు పాపం.

ఆయన ఆ ఒక్క ముక్కా చెప్పగానే, కోశాధికారి గుడ్రున్ కళ్లు చెమర్చాయి. ఆవిడకు ఎనభై ఒకటి.

"విన్నావా హల్వర్? ఇంట్లో అంత కష్టం పెట్టుకుని మనకి భారం కాకూడదని చూస్తున్నాడు. ఇంకో వంద డాలర్లు పెంచుదాం."

"అయ్యో, వద్దు!"

"ఒకటయింది," అన్నాడు హల్వర్ కాఫీ పోస్తూ. ఆయన ముసలి రైతు, లెక్క తప్పడు.

ఆ వందా పెరిగాక, పింఛను ఆఫీసు నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి నాలుగు నెలలు ఆపారు. లవాన్ ఆ రోజు నుంచి మాత్రలు సగానికి విరుచుకుని మింగడం మొదలుపెట్టింది. ఆర్విడ్ మరుసటి సమావేశానికి పరుగెత్తి, "నిజంగానే వద్దు, నా మాట నమ్మండి!" అన్నాడు. నమ్మారు. అంత గట్టిగా వద్దన్న మనిషి అవసరం గట్టిదే అయ్యుంటుందని రెండొందలు పెంచారు.

"నీకు బొత్తిగా తెలివిలేదు," అంది లవాన్. "వద్దంటే పెంచుతున్నారు కదా, ఇంకా కావాలని అడుగు. ఛీ, ఇంత ఆశా అని వాళ్లే కోసేస్తారు."

ఉపాయం బాగానే ఉందనిపించింది. మూడో సమావేశంలో ఆర్విడ్ గొంతు సవరించుకుని, "ఇచ్చేది చాలట్లేదు. ఇంకా ఇవ్వండి," అన్నాడు. హల్వర్ నోటిదాకా తీసుకెళ్లిన కేకు ముక్క అక్కడే ఆగిపోయింది. కోసేస్తారు, కోసేస్తారు అని ఆర్విడ్ లోలోపల ప్రార్థించుకున్నాడు.

గుడ్రున్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇరవై ఏడేళ్లలో ఈయన చిటికెడు ఉప్పు కూడా అడిగి ఎరగడు. ఇవాళ నోరు తెరిచాడంటే ఆ ఇల్లు ఏ గతిలో ఉందో! రెట్టింపు చేద్దాం."

"డబ్బెక్కడిది?" అన్నాడు హల్వర్.

"సమాధుల దొడ్లో మన కోసం అట్టేపెట్టుకున్న చోటు ఉందిగా, అది అమ్మేద్దాం. చచ్చాక ఎక్కడ పడుకుంటే ఏం?"

ఆర్విడ్ ఇక ఆగలేకపోయాడు. "అమ్మా, మీ దయే మా కొంప ముంచుతోంది!" అని అరిచి, ఉత్తరాలు రెండూ బల్ల మీద పడేశాడు. పింఛను సంగతి, సగం మాత్రల సంగతి, అన్నీ కక్కేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆ నేలమాళిగలో ఒక మగాడు ఏడవడం అదే మొదటిసారి.

గుడ్రున్ కళ్లద్దాలు పెట్టుకుని ఉత్తరాలు రెండుసార్లు చదివింది.

"పాస్టరు గారూ, అడుగున ఇంకో ముక్క ఉంది. పని పూర్తిగా మానేసినవాడికి, చేసిన సేవకి ఇచ్చే ఇంటి భత్యం లెక్కలోకి రాదట. ఇది చూశారా?"

"చూశాను."

"మరి మానేయలేదేం?"

"నేను మానేస్తే, పంతొమ్మిది మంది కోసం ఈ మూలకి ఇంకెవరొస్తారమ్మా? చర్చికి తాళం పడుతుంది."

హల్వర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"అయితే తాళమే వేద్దాం," అంది గుడ్రున్. "ఈ కట్టడం అమ్మితే మీ భత్యానికి పదేళ్లు వస్తుంది. సమాధుల జోలికి పోనక్కర్లేదు."

"వద్దు! నా కోసం చర్చి మూయొద్దు."

"మీ ఆవిడ బతకాలి కదా. మేం పక్క ఊరికి పోయి ప్రార్థన చేసుకుంటాం. దేవుడు అక్కడ మాత్రం లేడా?"

"వద్దమ్మా. మీ ఆయన్ని ఇక్కడే సాగనంపాను. మీ మనవళ్లకి ఇక్కడే బాప్తిస్మం ఇచ్చాను."

"మాకూ గుర్తుంది. కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

"వద్దు గుడ్రున్ గారూ, నేను ఒప్పుకోను," అన్నాడు ఆర్విడ్. అంటూనే కాఫీ కప్పు కోసం చెయ్యి చాపాడు.

గుడ్రున్ హల్వర్ వైపు చూసింది. హల్వర్ మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. ఆవిడ పెన్ను మూత తీసి, సమావేశాల పుస్తకంలో నింపాదిగా రాసింది: "పాస్టరు గారు ఒప్పుకున్నారు."