ఆమిష్ బ్యాండుపై అత్యవసర తీర్మానం

కమ్మింగ్ ఐక్య తెలుగు సంఘం సభ్యులకు, శ్రేయోభిలాషులకు తెలియజేయునది ఏమనగా, మొన్న శనివారం పార్కులో మన వనభోజనాలు దిగ్విజయంగా ముగిశాయి. పాటలు మాత్రం లేవు. ఎందుకు లేవో చెప్పే బాధ్యత కార్యదర్శిగా నా నెత్తిన పడింది.

మా ఊళ్ళో తెలుగువాళ్ళ ఐకమత్యం ఎంత గట్టిదంటే, దానికోసం ఏకంగా రెండు సంఘాలు పెట్టుకున్నాం. మాది ఐక్య, వాళ్ళది సమైక్య. ఎందుకు విడిపోయామో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనరు.

ఇక లీవై సంగతి. కారూ, కరెంటూ, టీవీ వద్దనుకుని గుర్రబ్బగ్గీల్లో తిరిగే ఆమిష్ వాళ్ళలో పుట్టాడు. ముప్ఫయ్యేళ్ళ వడ్రంగి. తనలాగే ఆ సమాజం వదిలి బయటికొచ్చిన మరో ముగ్గురితో బ్యాండు పెట్టాడు. సొంత పాటల్లేవు, ఎవరెవరో పాడినవే తిరిగి పాడతారు. మా అధ్యక్షులు ఉమామహేశ్వరరావు గారింట్లో కిచెన్ కేబినెట్లు బిగిస్తూ ఆరు వారాలు తెలుగు పాటలు విన్నాడు. చర్చి పాటలన్నీ చెవితోనే నేర్చుకుని పెరిగినవాడు కదా, ఇట్టే పట్టేశాడు. ‘ళ’ అంటే ‘ళ’, ‘ణ’ అంటే ‘ణ’! ఉగాదికి ఆ నలుగురూ పాడుతుంటే మా పిల్లలు "డాడ్, వాట్ లాంగ్వేజ్ ఈజ్ దిస్?" అని అడిగారు. మేమెంతో గర్వించాం.

ఆ రోజే అధ్యక్షులవారు మైకు అందుకున్నారు.

"బయటికొచ్చి గిటార్ పట్టుకున్నాడని కన్నతల్లి ఒకే టేబుల్ దగ్గర అన్నం పెట్టదటండీ! ఈ కాలంలో కూడా వెలి ఏంటండీ? షేమ్! లీవై, ఫ్రమ్ టుడే యూ ఆర్ అవర్ ఫ్యామిలీ!"

లీవై ఏడ్చేశాడు. ఏడేళ్ళలో తనని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టినవాళ్ళం మేమేనట.

తర్వాతి శనివారం సమైక్యవాళ్ళు పిలిస్తే అక్కడా పాడాడు. అమాయకుడు, తెలుగువాళ్ళంతా ఒకటే అనుకున్నాడు. పాడితే పాడాడు, వాళ్ళ పంక్తిలో కూర్చుని గోంగూర కలుపుకుంటున్న ఫొటో వాట్సాప్‌లోకి వచ్చేసింది. వెంటనే జూమ్‌లో అత్యవసర సమావేశం జరిగింది. వెలి అనాగరికం కాబట్టి ఆ మాట వాడకుండా, ‘ఇకపై లీవై బృందంతో పాడించరాదు, మన పంక్తిలో కూర్చోబెట్టరాదు’ అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

సంగతి అతనికి చెప్పడం మాత్రం మర్చిపోయాం. వనభోజనాలకు గిటారుతో వచ్చి, నవ్వుతూ మా మధ్యన కూర్చోబోయాడు.

"నో నో లీవై, నువ్వక్కడ కంఫర్టబుల్‌గా కూర్చో నాన్నా," అంటూ అధ్యక్షులవారి శ్రీమతి రాధారాణి గారు దూరంగా ఒక టేబుల్ వేయించి ప్లేటు పెట్టారు.

లీవైకి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

"మా అమ్మ కూడా ఇంతే, ఆంటీ," అన్నాడు ఇంగ్లీషులో. "కాకపోతే రెండు టేబుళ్ళ మధ్య నాలుగు వేళ్ళ సందే వదులుతుంది. పైన ఒకే గుడ్డ పరుస్తుంది. ఎవరూ చూడకుండా దాని కిందనుంచి నా చెయ్యి పట్టుకుంటుంది."

పులిహోర ముట్టకుండా వెళ్ళిపోయాడు. రాధారాణి గారు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

అక్కడికక్కడే కమిటీ కూర్చుంది. ఆ తల్లి పద్ధతి మనమూ పాటించాలని, ఐక్య, సమైక్య టేబుళ్ళ మీద ఒకే గుడ్డ పరవాలని తీర్మానించాం. దూరం కొలిపించాం కూడా. పార్కుకి ఈ చివర మేము, ఆ చివర అదే రోజు వనభోజనాలు పెట్టుకున్న వాళ్ళు. మధ్యలో రెండు పార్కింగ్ లాట్లు, ఒక చెరువు. మన బట్టలకు పేరుపడ్డ ఐసెలిన్ ఊళ్ళోని చీరల కొట్లన్నిటికీ ఫోన్ చేశాం. అంత పొడుగు గుడ్డ లేదన్నారు.

మీకెక్కడైనా దొరికితే తప్పక పంపండి. పంపేముందు ఒక్క మాట, ఏమీ అనుకోకండి. ఇంతకీ మీరు ఏవిట్లు?