తిరుపతమ్మ గోలి

అమరచింత కురుమయ్యకు బీపీ కన్నా ముందు పుట్టిన జబ్బు ఒకటుంది. దాని పేరు అనుమానం. దానికింకా మందు కనిపెట్టలేదు.

బీపీకి డాక్టరు రాసిన గోలీలను ఆశా కార్యకర్త శైలజ నెలనెలా ఇంటికే తెచ్చిస్తుంది. ఆయనకొక రకం, భార్య తిరుపతమ్మకొక రకం. ఆమె బీపీ దిగింది, ఆయనది దిగలేదు. దిగేదాకా ఉప్పెక్కువుండే మామిడికాయ తొక్కు బంద్ అని తిరుపతమ్మ తీర్పు చెప్పింది. తొక్కు లేని ముద్ద కురుమయ్య గొంతు దిగదు.

బీపీ ఎందుకు దిగలేదో ఆయనకు తెలుసు. గోలి మింగితే కదా! అదే గోలికి పక్కింటి సాయన్న కాళ్లు వాచాయని టీ కొట్టు దగ్గర విన్నప్పటి నుంచి, దాన్ని రోజూ జామచెట్టుకు వేస్తున్నాడు. చెట్టుకు బీపీ ఉంటే ఈపాటికి దిగేది.

"ఎదురింటి భాస్కర్ గోలికి పొడిదగ్గొస్తదంట. నీ దానికేమొస్తదే?" అని ఒకనాడు ఆరా తీశాడు.

"ఒంటేలు ఎక్కువొస్తది. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

"నువ్వు ఊకె అడిగేటోడివి కాదు."

కాళ్లు వాచడం కన్నా అదే నయమనిపించింది కురుమయ్యకు. రెండూ చిన్న తెల్ల గోలీలే. ఆయనవి పచ్చమూత డబ్బాలో, ఆమెవి ఎర్రమూత డబ్బాలో ఉంటాయి. తిరుపతమ్మ పల్లిచేనుకు పోయిన పూట అందులోవి ఇందులోకి, ఇందులోవి అందులోకి మార్చేశాడు.

ఇక రోజూ భక్తిగా మింగాడు. మింగిన మర్నాటి నుంచే మూత్రానికి పరుగులు మొదలయ్యాయి. వనపర్తి పోతూ ఊరూరా బస్సు ఆపించాడు.

"బస్సును గుత్తకు తీసుకున్నవా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

గోలిలో బలముందని కురుమయ్య మురిసిపోయాడు. తర్వాత తిరుపతమ్మ కాళ్ల మీద కన్నుపడింది.

"నా కాళ్లేంది గట్ల చూస్తవ్? పట్టీలేమన్న కొనిస్తవా?"

"వాచినయేమో అని..."

"ఎందుకు వాస్తయ్?"

"ఎండకు."

పైకి అలా అన్నాడు గానీ, తొక్కు మీద ఆశతో పెళ్లానికేం తెచ్చిపెట్టానో అని నిజంగానే భయపడ్డాడు.

నెల తిరిగింది. శైలజ వచ్చి ఇద్దరి బీపీ చూసింది.

"మామా, మస్తు దిగింది! అత్తమ్మది గూడ మంచిగుంది. నీ గోలి నీకు బాగ పడ్డది, అదే ఇస్త."

కురుమయ్య ఉండబట్టలేకపోయాడు. "వద్దు బిడ్డా! నేను మింగింది దాని గోలి. దానికి నాది పోయింది. జర దాని కాళ్లు చూడు!"

శైలజ నెత్తి పట్టుకుంది. తిరుపతమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే చెప్పింది.

"నా గోలి నడుమ గీత ఉంటది. నీ దానికి ఉండదు. ఆ సాయంత్రమే ఎక్కడివక్కడ పోసిన. నువ్వు మింగింది నీ గోలే."

"మరి ఒంటేలు?"

"అది నీ అనుమానానికి వచ్చింది."

"అప్పుడే చెప్పొద్దా?"

"చెప్తే మళ్ల జామచెట్టుకేస్తవ్. నాదనుకొనైన మింగుతున్నవని ఊకున్న."

"కాళ్లు వాస్తే డాక్టర్‌కు చెప్పాలె మామా, గోలి మారుస్తడు," అంది శైలజ.

కురుమయ్య మాట మార్చాడు. "సరే, బీపీ దిగింది గద. తొక్కు దియ్యి. లేకుంటే నాకు తెల్వకుండ నువ్వే తినేసినవా?"

తిరుపతమ్మ జాడీ తెచ్చి ముందు పెట్టింది. మూత తీస్తే, కడిగి ఆరబెట్టిన ఖాళీ జాడీ.

"ఎన్నడో మా అక్కకు పంపిన. నాకు గూడ బీపీయే గదయ్యా. నీకు సప్పటి పప్పు పెట్టి నేనొక్కదాన్నే ఎట్ల తింట?"

కురుమయ్యకు సిగ్గేసింది. ఆ పూట చప్పిడి పప్పు మారడిగి మరీ తిన్నాడు.