పళ్లూడిన పాటల పెట్టె

"మనిషి అబద్ధమాడతాడు, యంత్రం ఆడదు. ఇకమీదట ఈ తాలూకాలో సంగీతం యంత్రం చెప్పినట్టే నడుస్తుంది" అని ప్రాచీన సంగీత పరిరక్షణ విశేషాధికారిగారు రామన్నపేటలో సెలవిచ్చారు. అది 1961. ఆ మాటకు మూడు ప్రతులు తీసిన గుమాస్తాను నేనే.

యంత్రమంటే ఒకప్పుడు దొరలుండిన గడీలోని పాటల పెట్టె. పాత దొర మా జాతర మేలుకొలుపు స్వరాలు రాయించి, విలాయతుకు పంపి, ఇత్తడి గొట్టం మీద ముళ్లుగా కొట్టించి తెప్పించాడు. కీ ఇస్తే గొట్టం తిరుగుతుంది, ముళ్లు ఉక్కు దువ్వెన పళ్లను మీటుతాయి, పాట పలుకుతుంది. ఇప్పుడు మాత్రం మధ్యమధ్య నోరు మూసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకుంటోంది.

అధికారిగారు పరవశంతో కళ్లు మూసుకున్నారు. "విన్నారా ఆ మౌనం! స్వరాన్ని మింగి రసాన్ని మిగల్చడం. అదే ప్రాచీన శైలి."

జాతర కమిటీవారంతా తానతందాన అన్నారు. అందరికన్నా ఎక్కువ తల ఊపింది నేనే.

చిక్కల్లా ఐలేశంతో వచ్చింది. జాతరలో సన్నాయి మీద మేలుకొలుపు ఊదే హక్కు మూడు తరాలుగా వాళ్లింటిది. అతను ఎక్కడా మింగకుండా నిండుగా ఊది వినిపించాడు.

"నాలుగు స్వరాలు అదనం. రేపు జాతరలో పెట్టెలాగే ఊదు, లేదా సన్నాయి కింద పెట్టు" అన్నారు అధికారిగారు.

"గట్లెట్ల సారూ? గీ పాట మా తాత ఊదంగనే రాసుకపోయిండ్రు. నడుమ నడుమ ఆపితే అమ్మవారు లేస్తదా, పండుకుంటదా?" అన్నాడు ఐలేశం.

"యంత్రంతో వాదించకు."

ఉత్తర్వు తయారైంది. ఐలేశం ముఖం చూడాలంటే సిగ్గేసింది నాకు. అయినా ముద్ర మాత్రం వంకర లేకుండా కొట్టాను.

మర్నాడు పొద్దున్నే, నేను వెనకే వస్తుండగా, అధికారిగారు చెప్పులు విడిచి గుడికి నడుస్తూ తుమ్మముల్లు తొక్కారు. అది అరికాల్లో విరిగింది. ఏ స్వరమూ మింగకుండా అరిచారాయన.

అటుగా మేకలు తోలుకుపోతున్న సుక్కమ్మ, ఐలేశం మేనత్త, రొండిలోంచి సన్నటి ఉక్కు పలుకు తీసి ఒక్క పెట్టున ముల్లు లాగేసింది.

"మంచి పనిముట్టు. ఎక్కడిది?" అన్నారు అధికారిగారు.

"గడీలదే. చిన్నప్పుడు ఊడ్వబోయి, గా పాటల పెట్టె పండ్లు నాలుగు ఇరగ్గొట్టి తెచ్చుకున్న. మేకలెంబడి తిరిగేటోళ్లకు కాలు నిండ ముండ్లేనాయె. సూదైతే వంగుతది, గిది వంగది."

అధికారిగారు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవ్వలకు చెప్పలే. జర మా ఐలేశాన్ని ఊదనియ్యి సారూ."

గంటలో కొత్త ఉత్తర్వు వచ్చింది. "లోతైన పరిశోధన అనంతరం ఐలేశం శైలియే ప్రాచీనమైనదనియు, యంత్రమునకు సాధన చాలలేదనియు తేలినది."

జాతరలో ఐలేశం గుండె నిండా ఊదాడు. "మేం మొదట్నుంచీ అంటున్నదిదే" అంటూ కమిటీవారు చప్పట్లు కొట్టారు.

ఐలేశం నా దగ్గరికి వచ్చాడు. "సారూ, మీరు రెండు తీర్ల ఇన్నరు. ఏది మంచిగున్నదో నిజం చెప్పుండ్రి."

నేను నోరు తెరవబోయి, ముందు అధికారిగారి మొహం ఎలా ఉందో చూశాను.