నూట ఎనిమిది సార్లు బుధవారం

ఐదు వందల అడుగుల బోరులోంచి కాలిన మోటరును పైకి లాగేటప్పుడు కూడా వణకని విష్ణువర్ధన్ చెయ్యి, ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు రాయమంటే వణుకుతుంది. ఈ సంగతి చిలమత్తూరు చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియకూడదనే అతను రోజూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటాడు.

అలాంటి మనిషి ఊరి ప్రాథమిక పాఠశాలకు తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ అయ్యాడు. అయినవాడు కుర్చీలో కూర్చుని టీ తాగి రావచ్చు కదా. "నాలుగో తరగతి పిల్లలు ఇంగ్లీషు మాటలన్నీ తప్పులు రాస్తున్నారు. వచ్చే శనివారం విద్యాధికారి వచ్చి ఇరవై మాటలు డిక్టేషన్ చెప్తారట," అని సరళ టీచరు దిగులుపడుతుంటే, నిండు మీటింగులో లేచి నిలబడ్డాడు.

"ఆ పిల్లోళ్లను నాకు ఒదిలెయ్యండి మేడం."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక అతనికి చెమటలు పట్టాయి.

ఇంటికొచ్చి చెప్తే, వేరుశనగకాయలు ఒలుస్తున్న భార్య ప్రసూన తల కూడా ఎత్తలేదు.

"ఆ ఇరవై మాటలు నీకొచ్చునా?"

"రాకుండా యాడికి పోతాయి?"

"అయితే వెన్స్‌డే ఎట్ల రాస్తారో చెప్పు."

"ఈ పొద్దు శనివారం గదా. బుధవారం రానీ, చెప్తా."

ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారి, తల్లి చెన్నమ్మ స్నానం చేసి ఎర్రసిరా పెన్నుతో రామకోటి రాసుకోవడం చూశాక ప్రాణం లేచొచ్చింది. ఆమె ఏ బడికీ పోలేదు. అయినా రామనామంలో ఇన్నేళ్లుగా ఒక్క తప్పు పోలేదు. పైగా రాసేటప్పుడు మాట్లాడదు, ఎవరినీ మాట్లాడనివ్వదు.

ఆ రెండో నియమం విష్ణువర్ధన్‌కు మరీ నచ్చింది.

ఆ రోజే పదిమంది పిల్లలు తలస్నానాలు చేసి అతని పంచలో బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. టీచరు రాసిచ్చిన కాగితం చూసి ఒక్కో మాటా నూట ఎనిమిది సార్లు, ఎర్రసిరాతో. యేసన్న కొడుకు జాకబ్ ప్రతి పేజీ చివరా ఆమెన్ అని కూడా చేర్చి, రెండు వైపులా జాగ్రత్తపడ్డాడు.

అంతా సవ్యంగా జరుగుతుండగా అతని కూతురు చంద్రికే చెయ్యెత్తింది.

"నాయనా, ఈ వెన్స్‌డేలో పలకని అక్షరం ఎందుకుండాది?"

విష్ణువర్ధన్ గుండె బోరుమోటరులా ఒక్కసారి గుర్రుమంది. నోటికొచ్చింది అనేశాడు.

"రాసేటప్పుడు మాట్లాడితే పాపం. తప్పు రాస్తే కండ్లు పోతాయి."

ఆ తర్వాత అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రాత్రి సంగటి ముద్ద ముందు కూర్చుని చంద్రిక నెమ్మదిగా అంది.

"అమ్మా, తప్పు రాస్తే దేవుడు నిజంగా కండ్లు తీస్తాడా?"

"మీ నాయన్నే అడుగు. దేవుని పక్కన కూర్చోని చూసొచ్చినట్ల చెప్తాండాడు."

విష్ణువర్ధన్ చేతిలోని ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. అదే నిజమైతే పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలోనే తనకు చూపు పోయి ఉండాలి. స్వామి పేరును తన భయానికి అడ్డం పెట్టుకున్నాడా?

"అయినా ఒకటి చెప్పయ్యా," అంది ప్రసూన. "రామకోటి రాసినోళ్లు పుస్తకం దేవునికి ఇచ్చేస్తారు. వీళ్లూ ఇచ్చేస్తే తలకాయల్లో ఏం మిగుల్తాది?"

అతను నవ్వాడు. శుక్రవారం సాయంత్రం దాకానే నవ్వాడు.

ఆ సాయంత్రం పిల్లలు రాయడం ముగించి, పద్ధతి పద్ధతే కాబట్టి, పుస్తకాలకు పసుపుకుంకుమలు పెట్టి గుడిలోని రామకోటి పెట్టెలో వేసి వచ్చారు. టీచరు కాగితంతో సహా. విష్ణువర్ధన్ పరుగున పోయాడు.

"పెట్టెలో పడింది స్వామిదప్పా," అన్నాడు పూజారి. "తాళం తీసేది శ్రీరామనవమికే."

శనివారం విద్యాధికారి వచ్చాడు. పుస్తకాలేవని అడిగితే పదిమందీ ఒక్క గొంతుతో, "దేవునికి ఇచ్చేసినాం సార్," అన్నారు. ఆయన చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ ఫ్యాను వైపు చూశాడు. కరెంటు లేదు, అదీ ఆదుకోలేదు.

"సరే, రాయండి. మొదటి మాట, వెన్స్‌డే."

ఒక్క పెన్సిలూ కదలలేదు. జాకబ్ రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. చంద్రిక ఏడుపు గొంతుతో లేచింది.

"తప్పు పోతే కండ్లు పోతాయంట సార్. మా నాయన చెప్పినాడు."

సరళ టీచరు ముఖం పాలిపోయింది. విష్ణువర్ధన్ తలుపు వైపు జరిగాడు. డిక్టేషన్ చూడటానికి వచ్చిన ప్రసూన గుమ్మంలో నిలబడి ఉంది.

"పిల్లోళ్లు భయపడినారు సార్," అందామె. "ముందు మా చైర్మన్‌తో రాయించండి. ఆయన కండ్లు నిలిస్తే వాళ్లూ రాస్తారు."

సుద్దముక్క చేతికొచ్చింది. బోర్డు దాకా నాలుగడుగులు, నాలుగు మైళ్లయ్యాయి. స్వామీ, నువ్వే దిక్కు, అనుకుని రాశాడు. ఎలా పలుకుతారో అలాగే రాశాడు.

"తప్పు," అన్నాడు అధికారి, మెల్లగా.

పిల్లలు బోర్డును చూడటం లేదు, అతని కళ్లనే చూస్తున్నారు. చంద్రిక దగ్గరకు వచ్చి చెయ్యి పైకెత్తింది.

"నాయనా, ఎన్ని వేళ్లు?"

"మూడు," అన్నాడు విష్ణువర్ధన్, తలవంచుకుని.

పదిమందీ గట్టిగా ఊపిరి వదిలారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత పెన్సిళ్లు వానలా కురిశాయి. ఏడుగురు పదిహేను మాటలు దాటారు. మిగతా ముగ్గురూ తప్పులు రాసి కూడా నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

సాయంత్రం విష్ణువర్ధన్ ముందు ఒక కొత్త నోటుపుస్తకం వచ్చి పడింది. ఎదురుగా పీట మీద చంద్రిక.

"ఒక్కోటి పదిసార్లు రాయి నాయనా, చాలు."

"తప్పు పోతే?"

నిజంగానే భయపడుతూ అడిగాడు.

"కొట్టేసి మళ్లా రాయి."

"పుస్తకం మాత్రం గుళ్లో ఎయ్యొద్దు," అంది ప్రసూన వంటింట్లోంచి. "నాకు చూపించల్ల."

ఆ రోజు శనివారమే అయినా, అతను బుధవారంతో మొదలుపెట్టాడు.