పక్కగదిలో టీమ్

ఆ ఉదయం ప్రోగ్రామర్ పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వీడియో కాల్, అది కాగానే స్నానం.

విదేశంలోని ఓ స్టార్టప్‌కి అతను సాంకేతిక సహ వ్యవస్థాపకుడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కంపెనీ అంటే అక్కడ భాగస్వామి, ఇక్కడ పడగ్గదిలో మంచం పక్క బల్ల దగ్గర అతను, అంతే. ఇద్దరూ ఇంతవరకు ఎదురెదురుగా కూర్చున్నది లేదు. పాత ఆఫీసు మానేసిన ఏడాదిగా "టీకి వస్తావా?" అని అడిగే మనిషి కోసం అతని ప్రాణం కొట్టుకుపోతోంది. ఒక్క నెల భాగస్వామి పక్క కుర్చీలో పనిచేస్తే చాలనుకునేవాడు. నోరు తెరిచి అడగడానికి మొహమాటం.

మూడు నెలల క్రితం కాల్ మధ్యలో, తమతోనే ఉండే అత్తగారూ మామగారూ పక్కగదిలో పోట్లాడుకుంటుంటే, "ఎవరు గురూ?" అన్నాడు భాగస్వామి.

"మన టీమే, జీతం లేకుండా సాయం చేస్తున్నారు. చర్చ జరుగుతోంది," అనేశాడు ప్రోగ్రామర్. పనిలో ఒంటివాడని తెలిస్తే చులకనవుతానని భయం.

ఇవాళ భాగస్వామి తెర మీదికి రాగానే, "ఏదీ, ఆ టీమ్‌ని పిలు. ఒక్కసారి చూస్తా," అన్నాడు.

ప్రోగ్రామర్ మైకు ఆపేసి వంటింట్లోకి పరుగెత్తాడు. "నువ్వు డిజైనరువి," అన్నాడు భార్యతో.

"ఎప్పట్నించి?"

"ఇప్పట్నించే. మామయ్యగారూ, మీరు టెస్టింగ్ హెడ్."

"నా కింద ఎవరు పనిచేస్తారల్లుడూ?" అన్నారు రిటైరైన లైన్‌మన్ మామగారు.

"అత్తయ్యగారు."

"నలభయ్యేళ్లుగా ఆవిడ కిందే నేను పనిచేస్తున్నానయ్యా!"

ముగ్గురూ వచ్చి కెమెరా ముందు కూర్చున్నారు. మందులు వేళకి గుర్తుచేసే కంపెనీ యాప్‌ని మామగారు అక్కడే ఫోన్‌లో తెరిచారు. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్లజోడు వెతుక్కునేలోపు మందు వేళ దాటిపోతుంది బాబూ."

"ఆ రంగు చూస్తేనే జ్వరం వస్తోంది," అంది డిజైనరు.

"ఈయన వేసుకున్నానని నొక్కేసి మాత్ర కిటికీలోంచి పారేస్తారు. అది మీ యాప్ ఎలా పట్టుకుంటుంది?" అన్నారు అత్తగారు.

ప్రోగ్రామర్ కళ్లు మూసుకున్నాడు. భాగస్వామి మాత్రం గబగబా రాసుకుంటున్నాడు.

"ఇంత మంచి టీమ్‌ని ఇన్నాళ్లూ దాచావేంటి గురూ!" అన్నాడు చివరికి. "నీ గొంతులో ఏదో దిగులు వినబడేది. ఒక్కడివే ఉన్నావేమో, ఓ నెల ఇక్కడికి రప్పించుకుందాం, పక్కపక్కనే కూర్చుని పనిచేద్దాం అనుకున్నా. నాకూ ఇక్కడెవరూ లేరు. టికెట్ కూడా చూసిపెట్టా. ఇంతమందిని వదిలి నువ్వెలా వస్తావులే! వాళ్లని జాగ్రత్తగా చూసుకో."

"అది కాదు... వీళ్లు..." అన్నాడు ప్రోగ్రామర్. నిజం చెప్తే మోసగాడు, చెప్పకపోతే ఒంటిగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈలోపు భాగస్వామి కాల్ ముగించేశాడు. వెళ్లాలని తనకెంత ఉందో, ఖాళీ తెర వంక చూస్తుంటే అతనికి పూర్తిగా తెలిసొచ్చింది.

మామగారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు.

"అల్లుడూ, టెస్టింగ్ హెడ్‌కి ఇంటినుంచి, అదే, రోజూ ఈ కుర్చీలోంచి పనిచేసే వీలుంటుందా?"